జీడి డ్రయ్యర్లకు కంప్యూటర్ కొలతలు: ల్యాబ్‌వ్యూ, డాక్ కార్డులు వాడినవాళ్లు చెప్పండి

పలాస_పిక్క:
అందరికీ నమస్కారం. కాశీబుగ్గ దగ్గర మాది చిన్న జీడిపప్పు యూనిట్. పిక్క కోసి పప్పు తీశాక డ్రయ్యర్‌లో 70 డిగ్రీల చుట్టుపక్కల ఆరేడు గంటలు ఆరబెడతాం. అప్పుడే పొట్టు ఊడుతుంది. వేడి చాలకపోతే పొట్టు అంటుకునే ఉంటుంది, ఎక్కువైతే పప్పు రంగు మారి గ్రేడు పడిపోతుంది. రాత్రి షిఫ్టులో ఒక పెద్దాయన తలుపు తీసి, రెండు గుళ్లు నలిపి చూసి చెప్తాడు. ఆయన సెలవు పెడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మొత్తం నాలుగు డ్రయ్యర్లు, అన్నీ కరెంటు హీటర్లవే. ఇంజనీరింగ్ చదువుతున్న మా బావమరిది ల్యాబ్‌వ్యూ అని ఒక సాఫ్ట్‌వేర్ చూపించాడు. తెర మీదే మీటర్లు, గ్రాఫులు, స్విచ్చులు. సెన్సర్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కి అంకెలుగా అందించే డాక్ కార్డు ఒకటి, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలట, హీటర్లను కూడా అదే ఆన్ ఆఫ్ చేస్తుందట. చూడ్డానికి చాలా బాగుంది. కానీ కొనేముందు పని చేసినవాళ్లను అడుగుదామని రాస్తున్నాను. ఏం కొనాలి, ఏది వద్దు?

రాజాం_ఇన్‌స్ట్రు:
అన్నా, నేను మూడో సంవత్సరం ఇన్‌స్ట్రుమెంటేషన్. ల్యాబ్‌వ్యూ కమ్యూనిటీ ఎడిషన్ ఫ్రీగా వస్తుంది. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు కలిపితే కార్డు ఖర్చు కూడా ఉండదు. వేడి కొలిచే ఎల్ఎం35 చిప్ సెన్సర్ పెట్టి మేం మినీ ప్రాజెక్టు చేశాం, సూపర్‌గా పనిచేసింది.

లూప్_చెకింగ్:
తమ్ముడూ, కమ్యూనిటీ ఎడిషన్ వ్యాపారానికి వాడకూడదు, లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. ఈయనది ఫ్యాక్టరీ. ముందు ఆ సంగతి చెప్పాలి కదా.

కోట_జంక్షన్_ల్యాబ్:
విజయనగరంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్ చూసుకుంటాను, చాలా ఏళ్లుగా ల్యాబ్‌వ్యూతోనే పాఠం. పలాస వారికి ముందు ఇదేమిటో రెండు మాటల్లో చెప్తాను.

పాత ఆసిలోస్కోప్ తీసుకోండి, వోల్టేజి అలల్ని తెర మీద గీసి చూపే పరికరం. తెర, నాబ్‌లు, లోపల సర్క్యూట్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బా ఆసిలోస్కోప్‌గా తప్ప ఇంకెందుకూ పనికిరాదు. వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ పద్ధతిలో సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం మాత్రం బయట ఉంటుంది. లెక్కలు, తెర, రికార్డు కంప్యూటర్ పని. అదే కార్డు పొద్దున వోల్ట్‌మీటర్, మధ్యాహ్నం డేటా లాగర్. 1976లో అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 1986లో ల్యాబ్‌వ్యూ తెచ్చారు, మొదట మెకింటోష్ మీద. 2023లో ఆ కంపెనీని ఎమర్సన్ కొనేసింది. ప్రోగ్రామ్ రాయడం ఉండదు, గీయడమే. ముందు మీటర్లు, స్విచ్చులు ఉండే ఫ్రంట్ ప్యానెల్, వెనక లెక్కల బ్లాక్ డయాగ్రమ్, బ్లాకుల మధ్యలో వైర్లు. ఒక బ్లాక్‌కు కావలసిన విలువలన్నీ అందితేనే అది పని మొదలుపెడుతుంది.

మా ల్యాబ్‌లో డయోడ్ క్యారెక్టరిస్టిక్స్, అంటే ఎన్ని వోల్టులకి ఎంత కరెంటు పారుతుందో, పిల్లలు చేత్తో పాయింటు పాయింటూ రాస్తే గంట పడుతుంది. పవర్ సప్లయినీ మల్టీమీటర్‌నీ యూఎస్‌బీతో కలిపి ప్రోగ్రామ్‌కి అప్పగిస్తే నిమిషంలో వక్రరేఖ వచ్చేస్తుంది. అయినా మొదటిసారి చేత్తోనే గీయిస్తాను. లేకపోతే తెర మీద ఏ గీత వచ్చినా అదే డయోడ్ అనుకుంటారు.

ఒక చిన్న హెచ్చరిక. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. పాత వెర్షన్‌కి సేవ్ చేసే ఆప్షన్ ఉంది, కానీ పిల్లలకు అది పరీక్ష రోజే గుర్తొస్తుంది.

లూప్_చెకింగ్:
మాస్టారు చెప్పింది ల్యాబ్ మాట. నేను పైడిభీమవరం వైపు ఫార్మాలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని, ఫీల్డ్ మాట చెప్తాను.

పలాస అన్నా, మీ బావమరిది కచ్చితంగా కే టైప్ థర్మోకపుల్ తెమ్మంటాడు, చవక కాబట్టి. రెండు లోహాల తీగలు కలిపిన సెన్సర్ అది, వేడికి చిన్న వోల్టేజి ఇస్తుంది. దాని రెండు కొసలూ కార్డుకి డైరెక్టుగా కట్టేద్దాం అంటాడు. లెక్క చూడండి. కే టైప్ ఒక డిగ్రీకి ఇచ్చేది దాదాపు 41 మైక్రోవోల్టులు. 12 బిట్ల కార్డును ప్లస్ మైనస్ 10 వోల్టుల రేంజిలో పెడితే మొత్తం 20 వోల్టులు 4096 మెట్లు అవుతాయి. ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే సుమారు 119 డిగ్రీలు! రేంజి తగ్గించి ప్లస్ మైనస్ 1 వోల్టుకి తెచ్చినా ఒక్కో మెట్టుకు 12 డిగ్రీలు. మీకు కావలసింది ఒకటి రెండు డిగ్రీల తేడా. తెర మీద మాత్రం 70.0000 అని నాలుగు దశాంశాలతో అందంగా కనిపిస్తుంది, ఎన్ని దశాంశాలు కావాలంటే అన్ని వస్తాయి కదా.

థర్మోకపుల్ కోసమే తయారైన మాడ్యూల్ ఉంటే సంగతి వేరు. అందులో యాంప్లిఫయర్ ఉంటుంది, కోల్డ్ జంక్షన్ లెక్క కూడా అదే వేస్తుంది. థర్మోకపుల్ చెప్పేది రెండు కొసల మధ్య తేడా మాత్రమే. టెర్మినల్ దగ్గరి వేడి ఎంతో వేరే కొలిచి కలపాలి. మధ్యలో మామూలు రాగి తీగ అతికారా, ఆ అతుకు హీటర్ గోడ దగ్గర ఉందా, అంతే సంగతులు. ఇంకొకటి, రంగులు. అమెరికన్ పద్ధతి వైరులో ఎరుపు నెగెటివ్. మన ఎలక్ట్రీషియన్‌కి ఎరుపంటే ప్లస్. తిరగేసి కడితే వేడి పెరిగే కొద్దీ అంకె దిగుతూ ఉంటుంది.

70 డిగ్రీల పనికి నా ఓటు పీటీ100కే, వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్ అది. సున్నా దగ్గర 100 ఓమ్‌లు, 70 దగ్గర 127.08 ఓమ్‌లు. మూడు తీగల రకం తీసుకోండి. రెండు తీగలదైతే తీగ నిరోధం కూడా సెన్సర్‌లో కలిసిపోతుంది, ఒక్క ఓమ్‌కే రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.

రాజాం_ఇన్‌స్ట్రు:
అన్నా, ఆర్డుయినోలో కూడా 5 వోల్టులు 1024 మెట్లు, అంటే అదే 4.88 మిల్లీవోల్టులు. మాకు ఎల్ఎం35 బాగానే వచ్చింది మరి?

లూప్_చెకింగ్:
ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, కాబట్టి మెట్టుకు అర డిగ్రీ. లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్ పెట్టుకుంటే డిగ్రీలో పదో వంతు వస్తుంది, మీ 70 డిగ్రీలూ ఆ రేంజిలోనే ఉంటాయి. టేబుల్ మీద పనికొస్తుంది. డ్రయ్యర్‌లో ఆవిరి, జీడి నూనె పొగ, పది మీటర్ల తీగ. అక్కడ స్టీలు తొడుగు ఉన్న సెన్సరే నిలబడుతుంది.

బొబ్బిలి_ప్యానెల్స్:
నేను ప్యానెల్ బోర్డులు కడతాను. అందరూ కొలత గురించి చెప్తున్నారు, ఆయన హీటర్ కూడా కంప్యూటర్‌కి అప్పగిస్తానన్నారు చూడండి. దాని గురించి అడగరేటి?

అర్ధరాత్రి విండోస్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయింది అనుకోండి. కార్డు అవుట్‌పుట్ చివరిగా ఏ స్థితిలో ఉందో అలాగే ఉండిపోవచ్చు. హీటర్ ఆన్‌లో ఉంటే ఆన్‌లోనే. జీడి తొక్క నూనె సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అంటుకుంటే ఆగదు.

నా సలహా వినండి. ఒక్కో డ్రయ్యర్‌కీ ఒక పీఐడీ టెంపరేచర్ కంట్రోలర్ పెట్టండి, వేడి తేడాని బట్టి హీటర్‌ని సర్దే డబ్బా అది. కంప్యూటర్‌తో తీగల మీద మాట్లాడే ఆర్ఎస్ 485 పోర్టు ఉన్నది తీసుకోండి. పీటీ100 నేరుగా దానికే కడతారు, హీటర్‌ని అదే చూసుకుంటుంది. కంప్యూటర్ చూస్తుంది, రాసుకుంటుంది, మహా అయితే సెట్ పాయింట్, అంటే ఎంత వేడి ఉంచాలో ఆ అంకె, మారుస్తుంది. ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లిపోయినా పప్పు ఆరుతుంది.

ఇంకో సంగతి. హీటర్‌ని ఆన్ ఆఫ్ చేయడానికి సాలిడ్ స్టేట్ రిలే అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు పెడతారు. అది పాడైతే ఎక్కువసార్లు షార్ట్ అయి, ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలర్ ఆఫ్ అన్నా వినదు. అందుకే దానికి సిరీస్‌లో ఒక కాంటాక్టర్, అంటే కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్చు, ఆ కాంటాక్టర్ కాయిల్‌కి విడిగా ఒక థర్మోస్టాట్ ఉండాలి. 90 డిగ్రీలు దాటితే అది కరెంటు కట్ చేసేయాలి, మళ్లీ చేత్తో నొక్కితే తప్ప రాకూడదు. ఈ థర్మోస్టాట్ తీగ ఏ సాఫ్ట్‌వేర్ గుండా కూడా పోకూడదు. దీని మీద మాత్రం నాతో బేరం లేదు.

రాజాం_ఇన్‌స్ట్రు:
అయితే ల్యాబ్‌వ్యూ ఎందుకూ పనికిరాదంటారా? మేం రెండు సెమిస్టర్లు చదువుతున్నాం.

కోట_జంక్షన్_ల్యాబ్:
పనికిరాదని ఎవరన్నారు బాబూ. మోటారు టెస్ట్ బెంచ్ ఉందనుకో. వేగం, టార్క్, కరెంటు, వైబ్రేషన్ ఒకే క్షణంలో కలిపి కొలవాలి, వైబ్రేషన్‌లో ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో విడదీసే ఎఫ్ఎఫ్‌టీ లెక్క వేయాలి, రేపు ఇంకో మోటారుకి పరీక్ష మార్చాలి. అక్కడ దాన్ని మించింది దొరకడం కష్టం. రోజూ ఒకే పని చేసే హీటర్‌కి పీఐడీ కంట్రోలరే సరి. బొబ్బిలి వారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మా స్టాఫ్ రూమ్‌లో ఈ మాట అంటే గొడవే అవుతుంది గానీ.

ఇంకో మాట. పిల్లలు టెంపరేచర్‌ని కూడా సెకనుకి పదివేల శాంపిళ్లు తీస్తారు. డ్రయ్యర్ వేడి నిమిషానికి ఒక డిగ్రీ కదిలితే గొప్ప. అలాగని సెకనుకి ఒక్కటే శాంపిల్ తీస్తే వేరే గోల. తీగలోకి 50 హెర్ట్జ్ కరెంటు హమ్ ఎక్కి ఉంటే, ఆ ఒక్క శాంపిల్ అలలో ఏ చోట పడుతుందో తెలియదు. లైను ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ సరిగ్గా 50 ఉండదు, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. దాంతో తెర మీద మెల్లగా లేచి పడే దొంగ అల కనిపిస్తుంది, డ్రయ్యరే ఊగుతోందనుకుంటాం. సెకనుకి వెయ్యి తీసి, ఆ వెయ్యికీ సగటు కట్టి, ఒక్క అంకె రాసుకోండి. సెకనులో యాభై అలలు నిండుగా పడతాయి కాబట్టి హమ్ దాదాపుగా రద్దైపోతుంది.

వంశధార_కోడ్:
నరసన్నపేట మాది, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. కంట్రోలర్‌కి మోడ్‌బస్, అంటే కంప్యూటర్‌తో మాట్లాడుకునే పద్ధతి, ఉంటే పైథాన్ భాషలో ప్రోగ్రామ్‌తో సరిపోతుంది, లైసెన్స్ గొడవే లేదు. యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్ 485కి కన్వర్టర్ ఒకటి కొనండి. ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి వరసగా రెండు తీగలు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్. నక్షత్రంలా తలో వైపు లాగకూడదు. కొంచెం నిదానమైన స్పీడులో 1200 మీటర్ల దాకా పోతుంది, మీ షెడ్డు ఎంత పెద్దదైనా ఫర్వాలేదు. ఒక్కో కంట్రోలర్‌కీ వేరే అడ్రస్ ఇవ్వండి, 1 నుంచి 4 దాకా.

మాన్యువల్‌లో రిజిస్టర్, అంటే కంట్రోలర్‌లో విలువ ఉండే గడి, 40001 అని ఉంటే లైబ్రరీలో సున్నా అని ఇవ్వాల్సి రావచ్చు. 703 అని వస్తే భయపడకండి, 70.3 అన్నమాట. చాలా కంట్రోలర్లు దశాంశం లేకుండానే పంపుతాయి.

రికార్డు గురించి. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలే పడతాయి. సెకనుకో వరస రాస్తే రోజుకి 86,400, పన్నెండు రోజులకి నిండిపోతుంది. పది సెకన్లకి ఒకటి చాలు, రోజుకో సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో రాసిన మామూలు పట్టిక. వరస రాసిన ప్రతిసారీ డిస్కు మీదికి తోసేయండి, మెమరీలో దాచుకుని చివర్లో ఒకేసారి రాయడం వద్దు. మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియంది కాదు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస చీకట్లో ఎలా ఉందో అందరం చూశాం.

స్లీప్ మోడ్ ఆపేయండి, యూఎస్‌బీకి పవర్ తగ్గించే సెట్టింగ్ కూడా. కన్వర్టర్ వేరే సాకెట్‌లో గుచ్చితే కామ్ పోర్టు నంబర్ మారిపోతుంది, అందుకే ఏ సాకెట్టో స్టిక్కర్ అంటించండి.

లూప్_చెకింగ్:
ఎక్స్‌పోర్ట్ చేసే ఉద్దేశం ఉంటే గుర్తుంచుకోండి, సీఎస్‌వీ ఫైలు ఎవరైనా తెరిచి అంకె మార్చేయవచ్చు. మా ఫార్మాలో 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అని అమెరికా నిబంధన ఉంది, 1997 నుంచి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆడిట్ ట్రయల్ ఉండాలి. జీడిపప్పుకి అది వర్తించదు, కానీ కొనేవాళ్లు రికార్డు చూపించమంటే వాళ్ల అనుమానం ఇక్కడే మొదలవుతుంది.

పలాస_పిక్క:
అందరికీ చాలా థాంక్స్. బొబ్బిలి వారు చెప్పినట్టే ఒక డ్రయ్యర్‌కి కంట్రోలర్, పీటీ100, విడి థర్మోస్టాట్ పెట్టించాను. బావమరిది పైథాన్ రాశాడు, మొదట కొంచెం అలిగాడు గానీ. గ్రాఫు వస్తోంది. కానీ ఫ్యాన్ వేయగానే అంకె ఏడెనిమిది డిగ్రీలు గంతులేస్తోంది. ఆపితే కుదురుగా ఉంటుంది. గాలి వల్ల నిజంగా అంత మారుతుందా?

చీపురుపల్లి_బాబాయ్:
గాలి వల్ల క్షణంలో అంత మారదు నాయనా. సెన్సర్ తొడుగు వేడెక్కడానికే టైమ్ పడుతుంది. ఫ్యాన్‌కి స్పీడు మార్చే డ్రైవ్ ఉందా?

పలాస_పిక్క:
ఉంది బాబాయ్. ఈమధ్యనే పెట్టించాం.

చీపురుపల్లి_బాబాయ్:
దొంగ అదే. నేను ఫెర్రో అల్లాయ్స్ కొలిమిల దగ్గర మీటర్లు చూసి రిటైరైనవాణ్ని. ఎలక్ట్రోడ్లలో వేల ఆంపియర్లు పారుతుంటే పక్కనే మిల్లీవోల్టులు కొలవాలి. అక్కడ నేర్చుకున్నది చెప్తాను.

డ్రైవ్ నుంచి మోటారుకి వెళ్లే కేబులూ, సెన్సర్ కేబులూ ఒకే పైపులో వేసి ఉంటారు, దాని కరెంటు గోల దీంట్లోకి ఎక్కుతోంది. విడదీయండి, కనీసం ఒక అడుగు దూరం. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పరిగెత్తనివ్వొద్దు. సెన్సర్‌కి షీల్డు ఉన్న కేబుల్ వాడి, షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. రెండు వైపులా చేస్తే రెండు ఎర్త్‌ల మధ్య తేడాకి షీల్డులోనే కరెంటు పారుతుంది, రోగం ఇంకా ముదురుతుంది. మోటారు బాడీ ఎర్త్ సరిగ్గా డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కే రావాలి.

డాక్ కార్డు వాడే పిల్లలకి ఇంకొకటి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నడిపి చూడండి. గోల తగ్గితే గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్‌ల మధ్య సిగ్నల్ తీగ గుండా కరెంటు పారుతోందని. అప్పుడు ఆ దారి తెంపే యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టండి, ప్రోగ్రామ్‌లో ఫిల్టర్లు పెంచుకుంటూ పోకండి. సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌తో గీత నున్నగా అవుతుంది, అంకె నిజం అవుతుందని నమ్మకం లేదు.

పలాస_పిక్క:
బాబాయ్, కేబుల్ వేరే పైపులోకి మార్చాం. గంతులు పోయాయి, పదో వంతు డిగ్రీ తప్ప కదలట్లేదు. మీకు జీడిపప్పు బాకీ.

ఇంకో విచిత్రం. ఇదే సెన్సర్ పై ట్రే దగ్గర పెడితే ఒక లెక్క, కింది ట్రే దగ్గర పెడితే తొమ్మిది డిగ్రీలు తక్కువ. సెన్సర్ తప్పా?

లూప్_చెకింగ్:
ఒకే సెన్సర్ కదా, తేడా డ్రయ్యర్‌దే అయి ఉంటుంది. కానీ పరీక్ష చేసుకోండి. ఐసు బాగా చితక్కొట్టి, కొంచెం నీళ్లు పోసి, కలుపుతూ సెన్సర్ ముంచండి, సున్నా రావాలి. తర్వాత మరిగే నీళ్లలో. మీది సముద్రం పక్క ఊరు కాబట్టి 100 రావాలి. అరకులో అయితే 97 దగ్గరే మరుగుతుంది, అక్కడ ఇదే పరీక్ష చేసి సెన్సర్‌ని తిట్టినవాళ్లు ఉన్నారు. రెండూ సరిపోతే, గాలి దారి సరిచేయించండి. కంట్రోల్‌కి ఒక సెన్సర్, చూడ్డానికి ఇంకో రెండు ట్రేల దగ్గర పెట్టండి.

కోట_జంక్షన్_ల్యాబ్:
పలాస గారూ, మీకు అసలు కావలసింది వేడా, తేమా? పప్పు ఆరిందో లేదో ఉష్ణోగ్రత చెప్పదు, బరువు చెప్తుంది. ట్రేలో 10 కిలోల పప్పు 8 శాతం తేమతో వేశారనుకోండి. పొడి పదార్థం 9.2 కిలోలు. తేమ 4 శాతానికి దిగేసరికి మొత్తం బరువు సుమారు 9.58 కిలోలు. 400 గ్రాముల పైనే తేడా వస్తుంది, బరువు కొలిచే మామూలు లోడ్ సెల్ సెన్సర్ సులువుగా పట్టుకుంటుంది. దాని సిగ్నల్‌ను అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డు 24 బిట్లు అంటారు, చివరి బిట్లన్నీ గోలే అనుకున్నా గ్రాముల్లో చదవగలదు. బరువు తగ్గడం ఆగిన చోట ఆపేయడమే. టైమ్‌తో పనిలేదు.

ఇందులో ప్రోగ్రామ్‌కి నిజమైన పని ఉంది. ఫ్యాన్ గాలి ట్రేని ఎత్తుతూ ఉంటుంది కాబట్టి, పది నిమిషాలకోసారి ఫ్యాన్ ఆపాలి, హీటర్ ఆపాలి, ట్రే కుదురుకునేదాకా ఆగాలి, కొన్ని కొలతల సగటు రాసుకోవాలి, మళ్లీ ముందు ఫ్యాన్ వేసి తర్వాతే హీటర్ వేయాలి. ఈ వరస తప్పకూడదు. ఇలా దశ తర్వాత దశగా నడిచే ప్రోగ్రామ్‌నే స్టేట్ మెషీన్ అంటారని మీ బావమరిదికి చెప్పండి, అలక తీరుతుంది.

రాజాం_ఇన్‌స్ట్రు:
మాస్టారూ, ఇది మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా తీసుకోవచ్చా? పలాస అన్న ఒప్పుకుంటే ఆదివారాలు వస్తాం.

పలాస_పిక్క:
రండి తమ్ముడూ, భోజనం మా ఇంట్లోనే. కాకపోతే సీజన్ లోడు మీద ప్రయోగం వద్దు, ముందు బద్దలతో చేద్దాం. లోడ్ సెల్ డ్రయ్యర్ లోపలే పెట్టాలా?

బొబ్బిలి_ప్యానెల్స్:
లోపల వద్దు. వేడికి సున్నా జరిగిపోతుంది, పైగా నూనె పొగ. పైకప్పు మీద బయట బిగించి, చిన్న రంధ్రం గుండా స్టీలు కడ్డీ దింపి, దానికి ట్రే వేలాడదీయండి. కడ్డీ రంధ్రం అంచుకి తగలకూడదు. ఫ్యాన్, హీటర్ల వరస కోసం మీ ప్రోగ్రామ్ కాంటాక్టర్ కాయిల్‌కి ఇంకో కాంటాక్టు సిరీస్‌లో కలుపుకోవచ్చు, ఆ థర్మోస్టాట్ మాత్రం ఉన్నచోటే ఉండాలి. నాలుగు తీగల లోడ్ సెల్ అయితే కేబుల్ పొడుగ్గా ఉందని కోసేయకండి. ఆ పొడవుతోనే కంపెనీలో క్యాలిబ్రేట్ చేస్తారు, మిగిలింది చుట్టి ప్యానెల్‌లో పెట్టుకోండి.